పల్లె బస్సు ఖర్చు ఎవరిది? ఆర్టీసీ చరిత్ర నుంచి ఒక పాఠం

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం ప్రారంభించింది. 1951లో అది హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. ప్రిలిమ్స్‌కు ఈ తేదీలు చాలు. మెయిన్స్‌కు అసలు ప్రశ్న వేరు: నష్టం వచ్చే పల్లె బస్సు ఖర్చు ఎవరు భరించాలి?

చట్టంలోనే చిక్కు

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో 18వ సెక్షన్ ప్రజలకు తగినంత రవాణా అందించమంటుంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాలతో నడవమంటుంది. పొద్దున కాలేజీ పిల్లలతో కిక్కిరిసిన బస్సు మధ్యాహ్నం ఖాళీగా తిరుగుతుంది. డీజిల్, జీతాల ఖర్చు మాత్రం తగ్గదు. ఒక సెక్షన్ నడపమంటుంది, ఇంకొకటి ఆపమంటుంది.

పాత పరిష్కారం

లాభాల రూటు నష్టాల రూటును మోయాలి. ఇదే క్రాస్ సబ్సిడీ. అందుకు మంచి రూట్లు సంస్థ చేతిలో ఉండాలి. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసును మనం సహజ న్యాయసూత్రాల కింద చదువుతాం. ఆ వివాదం మొదలైంది కృష్ణా జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ దగ్గరే. అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయించింది మరొకరు కావడంతో 1958లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది.

ఇప్పటి సవాళ్లు

దూరప్రాంత రూట్లలో ప్రైవేటు బస్సులు, పల్లెల్లో షేర్ ఆటోలు, బైకులు వచ్చాయి. ట్రిప్పు తగ్గిస్తే జనం ఆటో ఎక్కుతారు. ఆక్యుపెన్సీ పడిపోతుంది. దాంతో ఇంకో ట్రిప్పు రద్దవుతుంది.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఇది పెద్ద ముందడుగే. కానీ జీరో టికెట్‌ను బట్టి వచ్చే డబ్బు బస్సు తిరిగే చోటికే వెళ్తుంది. బస్సే రాని ఊళ్లో జీరో టికెట్ కొట్టేదెవరు?

ముందున్న దారి

ఎంపిక చేసిన పల్లె ట్రిప్పులకు ప్రభుత్వం కిలోమీటరు లెక్కన చెల్లించాలి. కాలేజీ, సంత, ఆసుపత్రి వేళలకు టైమింగ్స్ కలపాలి. తక్కువ జనం ఉన్నచోట మినీబస్సు చాలు. బ్రిటన్‌లో 1985 చట్టం తర్వాత లాభం లేని రూట్లను స్థానిక కౌన్సిళ్లు టెండర్లతో నడిపించాయి. కౌన్సిళ్ల బడ్జెట్ తగ్గినప్పుడు అవే రద్దయ్యాయి. కాబట్టి ఈ ఖర్చుకు బడ్జెట్‌లో విడిగా పద్దు ఉండాలి.

ముగింపు

పల్లె బస్సును ఆర్టీసీ నష్టంగా రాసినంత కాలం కోత దానిపైనే పడుతుంది. ప్రభుత్వం కొనే సేవగా రాస్తే, రద్దు చేసేవారు ప్రజలకు జవాబు చెప్పాల్సి వస్తుంది.

సాధన ప్రశ్న: "ఉచిత టికెట్ కంటే ముందు ఊరికి బస్సు కావాలి." చర్చించండి.