డిక్రీ బాకీ, దేహనిర్బంధం: సరిహద్దు తాలూకాలో ఋణగ్రస్తుని రక్షణ

కృష్ణా జిల్లా మెట్టప్రాంతమైన నందిగామ తాలూకాలో, నిజాం రాజ్యపు సరిహద్దుకు చేరువలోని పట్టణం జగ్గయ్యపేట. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ డిక్రీ సొమ్ము చెల్లించనివారిని సివిలు జైలులో నిర్బంధించడానికి అనుమతించింది. 56వ సెక్షను స్త్రీలను మినహాయించింది. 1936 సవరణ పేదరికానికీ ఎగవేతకూ నడుమ గీత గీసింది. శక్తి ఉండీ చెల్లించలేదనో, ఆస్తిని మోసంతో దాచాడనో, డిక్రీ అమలుకు ఆటంకం కలిగేలా కోర్టు పరిధిని దాటిపోగలడనో న్యాయస్థానం నమ్మి, కారణాలు వ్రాతపూర్వకంగా నమోదు చేయాలి. పొలిమేర దాటితే బ్రిటిషు కోర్టుల అధికారం చెల్లని ఈ తాలూకాలో, బ్రతుకుతెరువుకై సాగే ప్రయాణాన్ని సైతం పరారీగా చూపే అవకాశం ఆ చివరి షరతులోనే ఉంది. దురుద్దేశం లేని పేదరికానికి జైలు తగదని సుప్రీంకోర్టు జాలీ జార్జి వర్గీస్ కేసులో స్పష్టపరచినది 1980లో. అప్పటికి ఆ సరిహద్దే చెరిగిపోయింది.