శనగాకు చెమట

ఇంకో రెండు పుల్లలు ఎగెయ్‌ర, మంట తగ్గుతున్నది. సంక్రాంతి పోయేదాక మన సీతాఫల్‌మండిల రాత్రి చలి ఇట్లనే ఉంటది. ఇగ మీ చెల్లెను ఎక్కిరించుడు బంజెయ్. పురుగు తినకుండ ఆకు ఏం జేస్తదో చదువుతా అని ఆమె అంటె నీకు నవ్వొస్తున్నదా? నా నౌకరంత ఆ చదువు మీదనే నడిచింది. నేను చదివిన గాదు, చదివేటోళ్ల ఎన్క డబ్బాలు పట్టుకొని తిరిగిన.

మన సికింద్రాబాద్‌కు పురుగు చదువు కొత్తది గాదు బిడ్డా. రోనాల్డ్ రాస్ దొర దోమ కడుపు కోసి అండ్ల మలేరియా క్రిమిని చూసింది బేగంపేటలనే గదా, 1897 ఆగస్టు 20 నాడు. 1902ల నోబెల్ ఇచ్చిండ్రు. ఆ బేగంపేట బాట మీదికెల్లే నేను రోజూ పటాన్‌చెరు పోయేటోన్ని. దొరకు ఒక్క దోమతోని పేరొచ్చింది. మేం చూసిన పురుగులకు లెక్కే లేకపాయె.

పటాన్‌చెరుల ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ పెట్టింది 1972ల. అంతకు ముందు ఆడ మన్మూల్, కాచిరెడ్డిపల్లి అని రెండూర్లుండె. ఊరోళ్లను వేరే తావుకు పంపి, సుమారు 1,400 హెక్టార్ల జాగ తీసుకున్నరు. నల్లరేగడి, ఎర్రచెల్క రెండూ పక్కపక్కన ఉన్న జాగ అది. జొన్న, సజ్జ, శనగ, కంది, తర్వాత పల్లి. దునియ మొత్తంల యాడ దొరికిన విత్తనమైనా తెచ్చి ఆడ పెట్టిండ్రు. నన్ను పురుగుల విభాగంల ఏసిండ్రు. పనేందంటె లెక్కపెట్టుడు. ఆకు తిప్పు, గుడ్లు లెక్కపెట్టు, రాయి. మళ్ల ఆకు తిప్పు.

మా అందరికి పగోడు శనగపచ్చ పురుగు. దాని తల్లి రెక్కలపురుగు రాత్రిపూట వచ్చి లేత ఆకుకు ఒకటి, మొగ్గకు ఒకటి గుడ్డు పెట్టిపోతది. గసగసాలంత ఉంటది గుడ్డు. ఒక్క తల్లే వెయ్యి దాక పెట్టగలదు. శనగను తింటది, కందిని తింటది, పత్తి, టమాట, దాని కడుపుకు అడ్డేం లేదు. అసొంటిది కూడ కొన్ని శనగ మొక్కల జోలికి ఎక్కువ పోదు. ఎందుకు పోదన్నదే సవాలు.

శనగ చేన్ల పొద్దుగాల చెప్పుల్లేకుండ తిరిగినోళ్లను అడుగు. పిక్కలు చురుక్కుమంటయ్. ఆకు మీద సన్నటి నూగు ఉంటది, ఆ నూగు కొసకు ఒక బొట్టు నిలవడి ఉంటది. నాలుకకు పెట్టుకుంటె పండ్లు జివ్వుమనే పులుపు. మా నాయినమ్మ రాత్రి చేను మీద పల్చటి గుడ్డ పరిచి, తెల్లారినంక గిన్నెలకు పిండి, ఆ నీళ్లు కడుపునొప్పికి తాపేది. ఆమెకు అది మందు. మొక్కకు అది కావలి. గట్టిగ వాన కొడితె కొట్టుకపోతది, మళ్ల ఊరుతది.

అండ్ల మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం ఉంటయ్. జర్మనీల మాక్స్ ప్లాంక్ సంస్థల పనిజేసే రెంబోల్డ్ అనే ఆయన 1981ల రాసిండు, మాలిక్ ఆమ్లాన్ని గుర్తుగ పట్టుకోని పురుగుకు తట్టుకునే రకాన్ని పసిగట్టొచ్చని. చాన ఏండ్లు అందరి నోట్ల ‘మాలిక్, మాలిక్’ అనే మాటనే. తర్వాత మా సంస్థల యోషిడా, ఆయన తోటోళ్లు రెండు ఆమ్లాలను విడగొట్టి పురుగు తిండిల కలిపి చూసిండ్రు. పురుగు ఎదగకుండ జేసింది ఆక్సాలిక్. మాలిక్‌తోని దానికి ఏం గాలె. 1995ల అచ్చయింది ఆ ముచ్చట. ఒక్క బొట్టుల ఏది పనిజేస్తున్నదో తేలెతందుకు అన్నేండ్లు పట్టింది, ఇగ నువ్వే చూస్కో.

ఆ పురుగు తిండి ఏందో చెప్తె నమ్మరు మీరు. శనగపిండి! దాంట్ల ఈస్టు, విటమిన్లు, అగర్ కలిపి ఉడకబెట్టి, గట్టిపడినంక ముక్కలు కోసి పెట్టేటోళ్లం. బయట శనగను కాపాడెతందుకు లోపల అదే పురుగుకు శనగపిండి వండిపెట్టుడు. మా ఇంట్ల మీ నానమ్మ ఊకె అనేది, నాకెన్నడన్న పకోడి చేసి పెట్టినవా అని. పురుగుకు పురుగుకు ఒక్కో గది ఉండాలె, లేకుంటె పెద్దది చిన్నదాన్ని తినేస్తది. గుడ్డుల నుంచి అప్పుడే వచ్చిన పిల్ల కంటికి ఆనదు. ఒంటె వెంట్రుకల కుంచెతోని లేపి పెట్టాలె. జర గట్టిగ ఒత్తినవో, సచ్చింది.

తర్వాత తర్వాత ఒక మంచి పద్ధతి వచ్చింది. ప్లాస్టిక్ గ్లాసుల అగర్ పోసి, అది పేరుకునేటప్పుడు శనగ కొమ్మ కొస గుచ్చి, పది పిల్లలను ఇడిచి మూత పెట్టుడు. ఐదు దినాలకు తీసి, ఆకు ఎంత పోయిందో 1 నుంచి 9 దాక మార్కులేసుడు. బడి మార్కులకు ఉల్టా. ఒకటొస్తె మొక్క గెలిచినట్టు, తొమ్మిదొస్తె కొమ్మకు మోడే మిగిలినట్టు. అంతకు ముందంత చేన్లనే. మందు చుక్క కొట్టని మళ్లల్ల 14,000 పైచిలుకు శనగ రకాలను ఏసి చూసిండ్రు. మా పురుగుల సైంటిస్టులు లతీఫ్ గారు, రీడ్ దొర వాళ్ల కాలం అది. అన్నిట్లకెల్లి గట్టిగ నిలవడ్డయి ఏళ్ల మీద లెక్కవెట్టేటన్ని. ఐసీసీ 506 అనేది అండ్ల ఒకటి. ఇప్పటికీ కొత్త రకాన్ని పరీక్ష పెట్టాలంటె పక్కన దాన్ని ఏసి పోల్చి చూస్తరు.

జొన్న ముచ్చట చెప్పకపోతె ఎట్ల? జొన్నకు మొవ్వు ఈగ అని ఒకటుంటది. లేత మొక్క ఆకు కింద తెల్లటి గుడ్డు పెడతది. తెల్లారుజామున పిల్ల బయటికొచ్చి, ఆకు మీది తడిల జారుకుంట మొవ్వులకు దిగి, దాన్ని కొరికేస్తది. నడిమి ఆకు ఎండిపోయి, గుంజితె చేతికే వస్తది. కొన్ని జొన్నల లేత ఆకు నిగనిగలాడుతది, మొవ్వుల తడి తక్కువుంటది, ఆకు కింద నూగుంటది. ఆడ పిల్లకు నడక సాగదు. సరే, ఏ రకం తట్టుకుంటదో చూడాలంటె ముందు ఈగలు రావాలె గదా! ఈగకు లొంగే జొన్నను ఇరవై దినాలు ముందుగాల నాలుగు సాళ్లు ఏసి, మొలిచినంక తడిపిన ఎండుచేపల పొడి చల్లేటోళ్లం. ఆ వాసనకు ఈగలు గుంపుకు గుంపు దిగేటియి. ఆ దినాలల్ల సాయంత్రం బస్సుల నా పక్కపొంటి సీటు సికింద్రాబాద్ వచ్చిందాక ఖాళీనే.

మా సైంటిస్టు హరి సి. శర్మ గారి పేరు మీ చెల్లె పుస్తకాలల్ల మస్తుసార్లు వస్తది. జొన్న మీద మొదలుపెట్టి, తర్వాత శనగ, కంది, ఏ పంట పట్టినా ఆయన అడిగిన సవాలు ఒక్కటే, ఈ మొక్కను పురుగు ఎందుకు ఇడిసిపెట్టింది అని. ఆఖరుకు హిమాచల్‌ల నౌణీ ఉద్యాన విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గ పోయిండు. ఒకే సవాలు మీద బతుకంత తిరగొచ్చు బిడ్డా, ఇసుగు రాదు. నాకే రాలె, ఆయనకేం వస్తది.

ఇగ అసలు తిరకాసు కంది కాడ పడ్డది. కందికి ఒక అడవి చుట్టమున్నది, కజానస్ స్కారబయోయిడిస్ అంటరు. తీగె మొక్క. దాని కాయ నిండ దట్టమైన నూగు. పురుగు పిల్ల ఆ నూగులనే చిక్కుకోని కాయ దాక పోలేదు. మన కంది కాయకు కూడ నూగున్నది గని, అండ్ల కొన్ని వెంట్రుకలకు జిగట ఊరుతది, ఆ జిగట వాసనకే తల్లిపురుగు గుడ్లు పెట్టవస్తది. 1990లల్ల రోమైస్, షానోవర్ అని ఇద్దరు ఇంకో సంగతి చూసిండ్రు. ట్రైకోగ్రామా అని ఒక చిన్న కందిరీగ జాతి ఉంటది, పురుగు గుడ్డుల తన గుడ్డు పెట్టి చంపుతది. జొన్న మీద అది చక్కగ పనిజేస్తది. కంది కాడికొస్తె ఆ జిగటకు, నూగుకు కాళ్లు చిక్కుతయ్. శనగ కాడ పులుపు ఓర్వదు. మొక్క పెట్టుకున్న కావలి దాని దోస్తును కూడ గడప తొక్కనియ్యలె!

అట్లని అందరినీ తరుముతదా అంటె అదీ లేదు. క్యాంపోలెటిస్ అనే ఇంకో కందిరీగ ఉన్నది, అది గుడ్డును గాదు, చిన్న పురుగునే పొడుస్తది. శనగ పులుపును అది లెక్కజెయ్యదు.

ఇవన్ని తేలక ముందే రైతులు మందుల మీద మందులు కొట్టవట్టిరి. 1987ల గుంటూరు దిక్కు పత్తికి పైరెత్రాయిడ్ మందులు ఎంత కొట్టినా శనగపచ్చ పురుగు సావలె. మందును అరిగించుకోవుడు నేర్చింది. ఎన్నో తీర్ల ఆకుల చేదు, పులుపు తిని బతికిన జాతికి డబ్బల మందు ఏపాటిది? ఆ తర్వాత 1989ల అభయ అనే కంది రకాన్ని ఇడిసిండ్రు, పురుగుకు జర తట్టుకుంటదని. తట్టుకున్నది గూడ. గని ఎండు తెగులుకు లొంగింది. పురుగును చూసేటోడు, తెగులును చూసేటోడు ఒక్క తాన కూసోని పనిజెయ్యకపోతె ఏమైతదో దాంతోనే తెల్సొచ్చింది మాకు.

మా ఊర్ల ముసలోళ్లు కంది సాళ్లల్ల జంపుఖానా పరిచి, మొక్కను వంచి దులిపేటోళ్లు. పురుగులు టపటప రాలేటియి. వాటిని కోళ్లకు ఏసేది. ఆ పనిని కూడ సైంటిస్టులు మళ్ల రైతులకు చెప్పిండ్రు. నేనైతె దాన్ని చిన్నతనంగ అనుకోను.

ఏం బిడ్డా, రాసుకుంటున్నవా? రేపు నువ్వు చేన్లకు పోతవు. పెన్ను తీసుకపోకు, మంచు తడికి సిరా పారుతది. పెన్సిల్ పట్టుకపో. పొద్దెక్కక ముందే గుడ్లు లెక్కవెట్టు, ఎండొస్తె ఆకు మెరిసి కండ్లు మోసం జేస్తయ్. శనగ చేను నుంచి వచ్చినంక చేతులు కడుక్కోని కండ్లు నలుచుకో, ముందు గాదు. అరేయ్, ఆ కొస మీద కూసున్నోడా, పెంక ఇటు తే, గా పల్లికాయ మాడిపోతున్నది.