పడమటి సీమలో ప్లేట్లు, సంకలనాలు

ఒక ప్రాంతం గత శతాబ్దంలో ఏ గానాన్ని విని ఆదరించిందో తెలుసుకోవాలంటే, ఆ ప్రాంతం ఏ నగరం వైపు చూస్తూ బతికిందో ముందుగా గ్రహించాలి. రాయలసీమ పడమటి అంచున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించేవరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. పత్తికొండ కర్నూలు జిల్లాకు చెందినదే అయినా, పత్తి బేరాల రీత్యా, గుంతకల్లు రైలు కూడలి సామీప్యం రీత్యా దాని రాకపోకలు కూడా ఆ దిక్కుగానే సాగాయి. ఆ బళ్లారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1887లో 'చిత్రనళీయం' ప్రదర్శించి, తెలుగు నాటకంలో రాగయుక్తమైన పాటకు స్థిరమైన స్థానం కల్పించారు. కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలూ, ధర్మవరం వారి మేనల్లుడైన బళ్లారి రాఘవ నటనావైభవమూ వికసించినది ఆ ఊళ్లోనే. పడమటి సీమవాసి చెవి పద్యానికి అలవాటుపడింది ఈ వాతావరణంలో.

గ్రామఫోను ఈ అభిరుచిని సృష్టించలేదు. అప్పటికే సిద్ధంగా ఉన్నదాన్ని అందుకున్నది. 1902లో రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గానాన్ని నమోదు చేసిన ఆరేళ్లకే, అంటే 1908లో, ఆ నగరంలోనే రికార్డుల అచ్చు కర్మాగారం వెలిసింది. లక్కతో చేసిన ఆ పదంగుళాల ప్లేటు నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరుగుతూ, ఒక్కో వైపున మూడు నిమిషాలకు కొంచెం మించి మాత్రమే పలికేది. రంగస్థలం మీద 'వన్స్ మోర్' కేకల నడుమ ఎంతసేపైనా సాగగలిగిన పద్యం, ప్లేటు మీదికి వచ్చేసరికి ఆలాపనను కుదించుకుని, ప్రేక్షకుడి కేకనూ, తోటి పాత్రల సంభాషణనూ వదులుకుని, ఏకాంత గానంగా మారవలసి వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి గాయక నటుల కీర్తి రంగస్థలాన్ని దాటి ఊరూరా వ్యాపించడానికి ఈ కుదింపు తోడ్పడిందన్నది నిజమే. అయితే నాటకంలో సంగీతం మితిమీరడాన్ని నిరసించి, మాటకూ భావప్రకటనకూ ప్రాధాన్యమిచ్చిన రాఘవ వంటి నటుడి ప్రతిభను పట్టి నిలిపే శక్తి ఆ యంత్రానికి లేకపోయింది. కనుక ప్లేట్లను మాత్రమే ఆధారంగా చేసుకుని బళ్లారి రంగస్థల చరిత్ర రాయబూనినవాడికి గాయకులు ఉన్నదానికంటె ఎత్తుగానూ, నటులు ఉన్నదానికంటె పొట్టిగానూ కనిపిస్తారు.

ఎంపిక వల్ల కలిగే ఈ వైకల్యం తరువాతి యుగంలో మరింత స్పష్టమైంది. ఉదాహరణకు అమెరికాలో 1948లో లాంగ్ ప్లే రికార్డు, మరుసటి ఏట నలభై ఐదు చుట్ల చిన్న రికార్డు వచ్చాయి. ఆ దేశపు తొలి రాక్ అండ్ రోల్ ప్రధానంగా ఈ చిన్న రికార్డుల మీద, పాటకు పాటగా అమ్ముడైన సంగీతం. లాస్ ఏంజెలెస్ రేడియో వ్యాఖ్యాత ఆర్ట్ లాబో, శ్రోతలు పదేపదే పాత పాటలనే కోరడం గమనించి, వేర్వేరు కంపెనీల పాటలను అనుమతులతో ఒకచోట చేర్చి 1959లో 'ఓల్డీస్ బట్ గూడీస్' అనే సంకలనాన్ని వెలువరించాడు. అందులోని పాటలలో చాలావాటికి పట్టుమని ఆరేళ్లు కూడా నిండలేదు. జ్ఞాపకం ఇంత లేతగా ఉండగానే దానికి మార్కెట్టు ఏర్పడటం అదివరకు ఎరగని విషయం. నేడు ఆ సంకలనాలను ఏరి దాచుకునేవారు పాటలతోపాటు, ఆ తరం తన గతాన్ని ఎలా ఎంచుకున్నదో తెలిపే సాక్ష్యాన్ని కూడా దాచుకుంటున్నారు.

మన దేశంలో కాలం మరోలా నడిచింది. విద్యుత్తు చేరని ఊళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనే దిక్కు కావడంతో, పాశ్చాత్య దేశాలు ఆ పాత ప్లేట్లను వదిలేసిన తరువాత కూడా కలకత్తా శివార్లలోని డమ్ డమ్ కర్మాగారం వాటిని అచ్చువేస్తూనే ఉన్నది. బీటిల్స్ పాటలు సైతం 1960ల నడుమ ఇక్కడ డెబ్బై ఎనిమిది చుట్ల ప్లేట్లుగా వెలువడ్డాయి. ఒకప్పుడు వెనుకబాటుతనానికి గుర్తుగా చూడదగిన ఆ ప్లేట్లే ఇవాళ ప్రపంచ సేకర్తలు అపురూపంగా వెదికే వస్తువులు కావడం సేకరణ చరిత్రలో నాకు అత్యంత ఆసక్తికరంగా తోచే ఘట్టం. ఆలస్యం కొన్నిసార్లు భద్రపరుస్తుంది.

పడమటి సీమలో గ్రామఫోను సంపన్నుల ఇళ్లకు పరిమితమైనా, దాని గానం పరిమితం కాలేదు. పెళ్లికీ, పీర్ల పండుగకీ, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకూ వచ్చే జనం చెవిని పాలించినది మైకు సెట్టు. సెట్టువాడి పెట్టెలో నాటక పద్యాల ప్లేట్లూ, నాలుగేసి సినిమా పాటల చిన్న రికార్డులూ, తరువాత ఘంటసాల పాటల సంకలనాలూ, 1974లో ఆయన అస్తమించాక ఊరూరా మోగిన భగవద్గీతా చేరాయి. రికార్డు మార్చే శ్రమ తగ్గుతుంది గనుక సంకలనం సెట్టువాడికి లాభసాటి. కంపెనీకి, పాత మాతృకల నుంచే కొత్త ఆదాయం గనుక మరింత లాభసాటి. ఇందులో దురుద్దేశం వెదకనక్కరలేదు. కానీ సంకలనంలో చోటు దొరకని పద్యం క్రమంగా మైకులో వినిపించడం మానింది. వినిపించనిదాన్ని అడిగేవారూ తగ్గిపోయారు. 1980లలో క్యాసెట్ వచ్చి రికార్డును పనికిరాని బరువుగా మార్చినప్పుడు, సంకలనాలకు ఎక్కని ఆ లక్క ప్లేట్లే ముందుగా పాతసామాన్ల వారి పాలయ్యాయి. సులువుగా పగిలే వాటి గుణం మిగిలిన పనిని పూర్తిచేసింది.

ఈ నష్టాన్ని కొంతైనా అడ్డుకున్నది సంస్థలకంటె వ్యక్తులే. బొబ్బిలి రాజవంశానికి చెందిన వి.ఎ.కె. రంగారావు మద్రాసులో నలభై వేలకు పైబడిన రికార్డులను సేకరించి, పాట వెనుక ఉన్న కవినీ, స్వరకర్తనూ, గాయకుణ్ణీ గుర్తించడాన్ని సేకరణలో అంతర్భాగం చేశారు. ఆ గుర్తింపు ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ చాలు: 1949 నాటి హిందీ చిత్రం 'మహల్' రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు, కథలోని పాత్ర పేరైన కామిని అని ముద్రించారు. తరువాతి సంకలనం అట్ట మీద గాయని పేరు సరిగానే కనిపించినా, తొలి ప్లేటు చేతిలో ఉన్నవాడికే ఆనాడు గాయనికి దక్కిన స్థానమేమిటో తెలుస్తుంది. కాబట్టి సంకలనాన్ని సేకరించేవాడు దాని పక్కన తొలి ప్లేటునూ పెట్టుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం. ఆదోని, పత్తికొండ ప్రాంతాల మైకు సెట్టు కుటుంబాల అటకల మీద ఇంకా ప్లేట్లు మిగిలి ఉంటే, లేబులు మీది పాట, పాత్ర, గాయకుడు, కంపెనీ సంఖ్యలను ఉన్నవి ఉన్నట్టు రాసి జాబితా కట్టడం ముందు జరగవలసిన పని. ప్లేటు మోగుతుందా లేదా అన్నది ఆ తరువాతి సంగతి.