ఏడో వార్డు ఇంటింటి లెక్క

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపాలన అవినీతికి పెట్టింది పేరు. దాన్ని బాగుచేస్తామని బయల్దేరిన పెద్దమనుషుల్లో చాలామంది ఒక నిర్ణయానికి ముందే వచ్చేశారు. ఊరు చెడిపోవడానికి నల్లవాళ్ల ఓట్లే కారణమట. నేరం, రోగం, బీదరికం అన్నీ వాళ్లు గుంపుగా బతికే ఏడో వార్డులోనే పుడుతున్నాయట. ఆ మాటకు విశ్వవిద్యాలయం ముద్ర కూడా పడితే ఇక తిరుగుండదు. పేదవాడల్లో సేవ చేసే క్వేకర్ మతశాఖ మహిళ సూసన్ వార్టన్ ఆ వార్డు మీద అధ్యయనం చేయించమని చొరవ తీసుకుని అడిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాధిపతి చార్లెస్ హారిసన్ సరేనన్నాడు. అలా ఒక ఏడాది అధ్యయనానికి కొద్దిపాటి డబ్బు మంజూరైంది.

ఇప్పుడైతే దాన్ని సీడ్ ఫండింగ్ అంటారు, పైలట్ గ్రాంట్ అంటారు. అప్పట్లో ఆ పేర్లేవీ లేవు.

ఆ పనికి పిలిపించిన మనిషి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లవాడు. బెర్లిన్‌లో చదివొచ్చాడు. 1895లో హార్వర్డ్ నుంచి పిహెచ్.డి. అందుకున్నాడు, అక్కడ ఆ పట్టా పొందిన మొదటి నల్లజాతీయుడు అతనే. అంతటివాడికి విశ్వవిద్యాలయం ఇచ్చింది ఏడాదికి వెయ్యి డాలర్ల లోపు జీతం, సోషియాలజీలో సహాయకుడన్న హోదా. పాఠం చెప్పనివ్వలేదు, కూర్చోడానికి గది ఇవ్వలేదు. విశ్వవిద్యాలయ క్యాటలాగులోంచి తన పేరు కూడా తీసేశారని ఆయన తర్వాత రాసుకున్నాడు.

1896 ఆగస్టులో పని మొదలైంది. అదే ఏడాది పెళ్లాడిన భార్య నీనాతో కలిసి ఏడో వార్డులోనే, ఒక భోజనశాల పైన ఉన్న ఒంటిగదిలో కాపురం పెట్టాడు. ఆ చుట్టుపక్కల అంతకంటే పాడుబడిన చోటు లేదు. ఇంటింటి సర్వేలో సహాయకులెవరూ లేరు. ప్రశ్నల పత్రాలు తానే తయారుచేసుకున్నాడు: కుటుంబానికొకటి, మనిషికొకటి, ఇంటికొకటి, వీధికొకటి, సంస్థలకొకటి, ఇళ్లలో పనిచేసేవాళ్లకు విడిగా ఇంకొకటి. వాటిని చంకన పెట్టుకుని తలుపు తలుపూ తట్టాడు. ఎక్కువగా ఇల్లాలే జవాబులు చెప్పేది. ఒక్కో ఇంట్లో పది నిమిషాలు మొదలు గంట దాకా పట్టేది, సగటున పావుగంట నుంచి ఇరవై ఐదు నిమిషాలు. పుట్టిందెక్కడ, చదవడం వచ్చా, ఏం పని, ఎంత అద్దె, ఎన్ని గదులు, జబ్బులేమైనా ఉన్నాయా... వాళ్లకు ఈ ఆరాలు నచ్చలేదు. తమనేదో వింత జీవుల్లా పరిశీలిస్తున్నారన్న అనుమానం. ఆ అనుమానం న్యాయమైనదేనని డుబోయిస్‌కు తెలుసు. అయినా లోపలికి రానివ్వని ఇళ్లు డజనుకు మించలేదు. 9,675 మంది ఉన్న వార్డును ఇలా ఒక్కడే చుట్టబెట్టాడు.

ఈ లెక్కల అవసరం తెలియాలంటే అదే 1896లో వచ్చిన మరో పుస్తకం సంగతి చెప్పాలి. రాసింది ప్రుడెన్షియల్ బీమా కంపెనీ గణాంకవేత్త ఫ్రెడరిక్ హాఫ్‌మన్. నల్లవాళ్లు ఎక్కువగా చనిపోవడానికి కారణం వాళ్ల జాతి లక్షణాలేనని, పరిస్థితులు బాగుచేసి లాభం లేదని అతని వాదం. ఆ కంపెనీ 1881 నుంచే నల్లవాళ్లకు అదే ప్రీమియం మీద మూడో వంతు తక్కువ సొమ్ము ఇస్తూ వచ్చింది. పట్టికలు, శాతాలు చూపించి చెప్పాడు గనక చాలామంది అది శాస్త్రమనే నమ్మారు.

డుబోయిస్ జవాబు వీధుల్లోంచి వచ్చింది. అతని పుస్తకం ‘ద ఫిలడెల్ఫియా నీగ్రో’ 1899లో వెలువడింది. అందులో ఆరోగ్యం మీద ఒక పూర్తి అధ్యాయం ఉంది. క్షయ, న్యుమోనియా, పసిపిల్లల చావులు ఎక్కువగా ఉన్నాయని అతను దాచలేదు. అయితే ఆ పక్కనే ఇళ్ల లెక్క పెట్టాడు. 2,441 కుటుంబాల్లో స్నానాల గది, నీటి మరుగుదొడ్డి అందుబాటులో ఉన్నవి 334. మూడో వంతు కుటుంబాలకు ఉన్నది ఒకటే గది. గాలి ఆడదు, గోడలకు చెమ్మ. మరి దూరంగా మంచి చోటుకు పోవచ్చు కదా? పోలేరు, పాచిపని, వంటపని ఉండేది దగ్గర్లోని తెల్లవాళ్ల ఇళ్లలోనే. అందుకే ఎక్కువ అద్దె కట్టి, ఆ అద్దె కోసం ఉన్న గదుల్లోనే మరొకరిని దింపుకునేవారు. క్షయ వ్యాపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంకో లెక్క కూడా తీశాడు. నగరంలో నల్లవాళ్ల మరణాల రేటు 1820లలో వెయ్యికి 47 పైన ఉండేది. 1890లలో 28 దగ్గరికి దిగింది. డెబ్బై ఏళ్లలో జాతి మారిపోదు కదా! మారింది బతుకు. హాఫ్‌మన్ వాదాన్ని కూలదోయడానికి ఈ ఒక్క వరుస చాలు.

జబ్బుపడితే నల్లవాళ్లు ఆసుపత్రికి పోవడానికీ జంకేవారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోనే 1882లో వైద్యపట్టా పొందిన మొదటి నల్లజాతీయుడు నేథన్ మొసెల్. ఆయన 1895లో లొంబార్డ్ వీధిలో ఫ్రెడరిక్ డగ్లస్ ఆసుపత్రిని తెరిచాడు. నల్లజాతి వైద్యులకు, నర్సులకు పనిచేసే చోటు, శిక్షణ దొరికే చోటు అదయింది.

ఈ పుస్తకానికి లోపాలు లేకపోలేదు. లండన్ పేదరికం మీద చార్లెస్ బూత్ వేసిన పటాల దారిలో డుబోయిస్ కూడా వీధులకు రంగులద్ది జనాన్ని నాలుగు తరగతులుగా విడదీశాడు. అట్టడుగు తరగతికి ‘దుష్టులు, నేరస్థులు’ అని పేరు పెట్టాడు. పేదలకు నీతి బోధించే ధోరణి అక్కడక్కడ ఇబ్బందిగా తగులుతుంది. అయినా జబ్బుకు మూలం ఒంట్లో కాదు, ఇంట్లో, అద్దెలో, జీతంలో ఉందని ఇన్ని పత్రాలు నింపి చూపించడం చిన్న పని కాదు. ఇవాళ ప్రజారోగ్య పరిశోధకులు ఆ అధ్యాయాన్ని తమ రంగానికి పునాదుల్లో ఒకటిగా చదువుతున్నారు.

గడువు తీరింది. విశ్వవిద్యాలయం అతన్ని ఉంచుకోలేదు. డుబోయిస్ అట్లాంటా విశ్వవిద్యాలయానికి వెళ్లి, చాలీచాలని డబ్బుతోనే ఏటా అధ్యయనాలు నడిపించాడు. 1906 నాటి సంపుటం పూర్తిగా నల్లవాళ్ల ఆరోగ్యం మీదే. ఫిలడెల్ఫియా పుస్తకం వచ్చిన 1899లోనే అట్లాంటాలో అతని పసికొడుకు డిఫ్తీరియాతో పోయాడు.

డుబోయిస్ పేరు మన దేశానికీ కొత్తది కాదు. 1946లో అంబేద్కర్ ఆయనకు ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విన్నపం ప్రతులు పంపమని అడిగారు. డుబోయిస్ జవాబిచ్చాడు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1967లో ఆరోగ్య ఆర్థిక విధానాల కోసం లియొనార్డ్ డేవిస్ సంస్థను పెట్టింది. కొత్త పరిశోధనలకు తొలి విడత డబ్బు ఇవ్వడం ఇప్పుడు ఆ సంస్థ పనుల్లో ఒకటి. డుబోయిస్ 1963లో ఘనాలో కన్నుమూశాడు. ఆయన్ను గౌరవ ఎమెరిటస్ ప్రొఫెసర్‌గా విశ్వవిద్యాలయం ప్రకటించింది 2012లో. ఆ గౌరవం మంచిదే. కానీ 1897లో ఉద్యోగం ఇచ్చి, ఆ సర్వేను పదేళ్లు సాగనిచ్చి ఉంటే ఏడో వార్డుకు, ఆ నగరానికి అంతకంటే ఎక్కువ మేలు జరిగేది.