తేలిక డంబెల్స్‌తో బల సాధన

జిమ్‌లోని అతి బరువైన డంబెల్ కూడా చేతికి ఆనని దశ వస్తే, బరువు పెంచకుండానే కండరానికి పని పెంచవచ్చు. 1940లలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ గాయపడిన సైనికుల చేత క్రమంగా బరువులు పెంచుతూ వ్యాయామం చేయించాడు. ఆధునిక బల సాధనకు అదొక పునాది. కానీ బరువు పెంచడమొక్కటే దారి కాదు.

తేలిక బరువుతోనైనా, ఇక ఎత్తలేమనిపించేదాకా 20–30 సార్లు చేస్తే కండ దాదాపు పెద్ద బరువులతో పెరిగినంతే పెరుగుతుంది. గరిష్ఠ బలం మాత్రం అంతగా రాదు. దానికి పెద్ద బరువు తప్పదు.

మామూలు స్క్వాట్‌కు బదులు వెనక పాదాన్ని బెంచీ మీద ఆనించి ముందరి కాలిపై దిగితే, అవే డంబెల్స్‌కు తొడలు వణుకుతాయి. 3, 4 సెకన్లు తీసుకుంటూ దిగి, అడుగున కాసేపు ఆగితే మరీ కష్టం. ఊపుతో ఎత్తేవారికి ఇది బొత్తిగా రుచించదు. పుషప్‌లకైతే బరువు నింపిన సంచిని వీపున తగిలించుకుంటే చాలు.