ఊరి పొలిమేరలో పెద్ద పక్షి: గద్దా, రాబందా?

చలికాలంలో సరిహద్దు పల్లెలలో అప్పుడప్పుడు ఒక వార్త వినబడుతూ ఉంటుంది. చెరువుగట్టు మీదనో, ఊరవతలి బండ మీదనో ఎన్నడూ చూడనంత పెద్ద పక్షి వాలినదని. జనం మూగుతారు. ఒకరు జటాయువు అంటారు, ఒకరు అపశకునం అంటారు, మరొకరు రాయి అందుకుంటారు. ఆ పక్షి ఏదో తెలుసుకొనుట కేవలం వినోదం కాదు. అది రాబందు అయితే, మన దేశంలో అంతరించే స్థితికి చేరిన జాతులలో ఒకటి మన గుమ్మం ముందు నిలిచినదన్న మాట. దాని బ్రతుకు చాలావరకు మన చేతులలోనే ఉంటుంది. కనుక గద్దకూ రాబందుకూ భేదం ఎట్లు తెలియునో ఈ వ్యాసంలో వివరించుచున్నాము.

పరిమాణం ఒక్కటే చూసి నమ్మరాదు

ఖాళీ ఆకాశంలో ఎగిరే పక్షి ఎంత ఎత్తున ఉన్నదో కంటికి అందదు. అందుచేత దాని పరిమాణం కూడ సరిగా అంచనాకు రాదు. దగ్గరలో ఊరి గద్దో, కాకో ఎగురుచున్నచో దానితో పోల్చి చూడవలెను. మనం నిత్యం చూసే ఊరి గద్ద రెక్కలు చాపితే సుమారు ఐదడుగులు, అనగా మనిషి బారకు కొంచెం తక్కువ. రాబందులలో చాలా జాతులకు రెక్కల వెడల్పు ఆరున్నర అడుగులకు పైనే. హిమాలయ ప్రాంతాల నుండి వచ్చే పెద్ద రాబందులకు అది తొమ్మిది, పది అడుగుల దాకా ఉంటుంది. నేల మీద వాలి ఉన్న పక్షి ఈకలు పొంగించి కూర్చున్నచో ఉన్నదానికన్న పెద్దదిగా కనబడుతుంది.

చూడవలసిన నాలుగు గుర్తులు

మొదటిది తోక. చివర చీలినట్లు ఉన్నచో అది ఊరి గద్ద. విసనకర్ర వలె విచ్చుకొన్నచో డేగ, గద్ద జాతుల పెద్ద పక్షి కావచ్చును. శరీరానికి మించి పెద్ద రెక్కలు, వాటి నడుమ పొట్టి తోక ఉన్నచో రాబందు అని అనుమానించవలెను.

రెండవది తల. గద్దకు తలనిండా ఈకలు ఉంటాయి. ఎగిరేటప్పుడు తల ముందుకు స్పష్టంగా కనబడుతుంది. రాబందు ఎగిరేటప్పుడు మెడను లోనికి ముడుచుకొనును, కనుక తల చిన్నదిగా తోచును. వాలినప్పుడు మెడ, తల దాదాపు బోడిగా కనబడును.

మూడవది రెక్కలు. రాబందు రెక్కలు పలకల వలె వెడల్పుగా ఉండి, చివర ఈకలు చేతి వ్రేళ్ళవలె విడివిడిగా ఉంటాయి. ఎండ కాగిన తరువాత వేడిగాలి ఆధారంగా, రెక్క ఆడించకుండ చాలసేపు చుట్లు తిరుగుతుంది.

నాలుగవది కాళ్ళు. గద్ద తన ఎరను గోళ్ళతో పట్టి ఎత్తుకొనిపోగలదు. రాబందు కాళ్ళకు అట్టి పట్టు లేదు; అది వాలిన చోటనే చచ్చిన జంతువును తింటుంది. రాబందు మేకపిల్లలను, పసిబిడ్డలను ఎత్తుకొనిపోవునన్న భయం నిరాధారము.

ఎగిరేటప్పుడు కాళ్ళు తోకను దాటి వెనుకకు పొడవుగా సాగి ఉన్నచో అది కొంగ జాతి పక్షి, వేటపక్షి కాదు. సందెవేళ బండ మీద కూర్చుని, తలపై రెండు చెవుల వంటి ఈకలు నిలిపినది పెద్ద గుడ్లగూబ.

రాబందు అని పొరబడే గద్దలు

యానాం వద్ద గోదావరి ముఖంలోను, ఒడిశాలోని చిలికా సరస్సు పరిసరాలలోను తెల్లకడుపు సముద్రపు గద్ద కనబడుతుంది. రెక్కల వెడల్పు ఆరు, ఏడు అడుగులు. తల, కడుపు తెల్లగా, వీపు బూడిదరంగుగా ఉండి, ఎగిరేటప్పుడు రెక్కలు పైకి ఎత్తి పట్టును. ముదురు ఇటుకరంగు దేహం, తెల్లని తల, రొమ్ము గలది గరుడ గద్ద; ఇది ఊరి గద్దకన్న పెద్దది కాదు. మెట్టపొలాల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ గాలిలో నిలిచి, పాము కొరకు నేలను వెదకునది పాముల గద్ద; దాని అడుగుభాగం తెల్లగా ఉంటుంది. అడవి అంచున ఈలవేసినట్లు కూస్తూ, రెక్కల అడుగున, తోకలో వెడల్పయిన తెల్లని పట్టీ చూపునది జుట్టుగల పాముల గద్ద.

మన ప్రాంతపు రాబందులు

పొడవుముక్కు రాబందు కొండచరియలలో గూడు కట్టును. బెంగళూరు సమీపంలోని రామనగరం వద్ద రామదేవర బెట్టను 2012లో కర్ణాటక ప్రభుత్వం రాబందుల అభయారణ్యంగా ప్రకటించినది. ప్రాణహిత నదికి ఇవతల, తెలంగాణలోని బెజ్జూరు అడవులలో పాలరాపు గుట్టపై 2013లో ఈ జాతి గూళ్ళు కనబడినవి. నదికి ఆవల ఉన్నది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. తెల్లవీపు రాబందు ఎత్తయిన చెట్లపై గూడు కట్టును. తమిళనాడులోని నీలగిరుల క్రింద మోయారు లోయ దీనికి ముఖ్యమైన ఆశ్రయము. నల్లని దేహం, ఎర్రని బోడితల గలది ఎర్రతల రాబందు. తెల్లని దేహం, పసుపుపచ్చని ముఖం, నల్లని రెక్క అంచులు గల చిన్న రాబందును తెల్ల బోరువ అందురు. ఇది పరిమాణంలో ఊరి గద్దకు దగ్గరగా ఉంటుంది.

ఇవి గాక, చలికాలంలో ఉత్తరం నుండి దారితప్పి వచ్చునవి కలవు. వీటిలో పిల్లవయసు పక్షులే ఎక్కువ. ఆకలితో, అలసటతో నేలకు దిగినవి మనిషి దగ్గరకు వచ్చినా ఎగరలేవు. 2017లో ఓఖీ తుఫాను అనంతరం కన్యాకుమారి జిల్లాలో చిక్కిన నల్ల రాబందు ఇటువంటిదే. దానిని ఉదయగిరి కోటలో సుమారు ఐదేండ్లు పోషించి, 2022 నవంబరులో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్‌కు తరలించినారు. ఒక్క పక్షిని కాపాడుటకు అంత శ్రమ అవసరమైనది.

పొరుగు భాషలలో పేర్లు

అధికారులకు కబురు చెప్పునప్పుడు పేరు తారుమారైతే పక్షి కూడ తారుమారగును. రాబందును కన్నడంలో రణహద్దు, మరాఠీలో గిధాడ్, ఒడియాలో శాగుణా అందురు. కన్నడంలో ఉత్త హద్దు అన్నచో గద్ద అని అర్థము. తమిళంలో కళుగు అను మాట గద్దకూ రాబందుకూ కూడ చెల్లును. కనుక పారు అనిగాని, పిణందిన్ని కళుగు అనిగాని స్పష్టంగా చెప్పవలెను.

ఇవి ఎందుకు కరవైనవి?

మన పెద్దలు ఊరి బయటి కళేబరాలపై డజన్లకొద్దీ రాబందులను చూసినవారే. 1992, 2007 సంవత్సరాల మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటిగా తగ్గినవి. కారణం 2004లో బయటపడినది. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫినాక్ మందు కళేబరంలో మిగిలి, దానిని తిన్న రాబందు మూత్రపిండాలను చెడగొట్టుచున్నది. ఒక్క కళేబరం పెద్ద గుంపును చంపగలదు. రాబందు ఏడాదికి పెట్టునది ఒకే గుడ్డు. పశువులకు ఈ మందును 2006లో నిషేధించినారు. మనుషుల కొరకు తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుచున్నందున 2015లో వాటిని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేసినారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ కూడ పశువులకు నిషిద్ధమైనవి.

నష్టం రాబందులతో ఆగలేదు. అవి తినవలసిన కళేబరాలు కుళ్ళి నీటిని చెరచినవి, ఊరకుక్కలు పెరిగినవి. రాబందులు పోయిన జిల్లాలలో 2000 నుండి 2005 వరకు ఏటా సుమారు లక్షమంది అదనంగా మరణించినట్లు ఈయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు అంచనా వేసినారు.

కనబడినచో చేయవలసినవి

దూరం నుండి ఫొటో తీయవలెను. తోక, తల, రెక్కల అడుగుభాగం తెలియునట్లు ఉన్నచో గుర్తింపు సులభము. చోటు, తేదీ, వేళ వ్రాసి ఉంచుకొనవలెను.

పక్షి ఎగరలేకున్నచో జనాన్ని, కుక్కలను దూరంగా ఉంచి, సమీప అటవీ కార్యాలయానికి తెలుపవలెను. నోట నీరు పోయరాదు, ఆహారం కుక్కరాదు, ఇంటికి తేరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టుట, చంపుట నేరము.

పశువుకు నొప్పిమందు అవసరమైనచో రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ వ్రాయుమని పశువైద్యుని అడుగవలెను. నిషిద్ధ మందు పడిన పశువు మరణించినచో లోతుగా పాతిపెట్టవలెను. కుక్కల కొరకో, చిరుత కొరకో కళేబరంపై విషం చల్లరాదు. దానికి మొదట బలి అగునది రాబందే.

కర్ణాటక సరిహద్దున గల లేపాక్షిలో, నేలకొరిగిన జటాయువును చూసి శ్రీరాముడు లే పక్షీ అన్నాడని మన పెద్దలు చెప్పుదురు. మన పొలిమేరలో వాలిన పక్షి కూడ తిరిగి లేవవలెనన్నచో, ముందుగా చేతిలోని రాయిని క్రింద పడవేయవలెను.