నాలుగేళ్ల జల్లెడ

1858 మార్చి 25. ఫ్రాన్సులో పిరనీస్ కొండల పాదాల దగ్గర లూర్దు అనే చిన్న ఊరు. ఉబ్బసంతో బాధపడే 14 ఏళ్ల బెర్నదెత్ ఆయాసపడుతూ విచారణ గురువుల ఇంటికి వచ్చింది. మరచిపోతానేమోనని దారి పొడవునా వల్లెవేసుకున్న మాటను అప్పజెప్పింది. గుహలో తనకు కనబడుతున్న స్త్రీ తన పేరు చెప్పిందట. ‘నేను అమలోద్భవిని’ అందట.

ఆ మాటకు అర్థమేమిటో పిల్లకు తెలియదు. చదువు రాదు. ఆ విచారణ గురువులు ఫాదర్ పెయ్రమాల్ కరకు మనిషి. పేరు చెప్పమను, ఈ చలిలో గుహ దగ్గరి గులాబీ పొదను పూయించమను అని అంతకుముందు అడిగి పంపింది ఆయనే. పొద పూయలేదు. పేరు మాత్రం వచ్చింది. ఆయన చలించిపోయారు. శ్రీసభ మాత్రం అంతటితో తల ఊపలేదు. మరియమాత జన్మపాపం అంటకుండా ఉద్భవించిందని పోపు 9వ పయస్ 1854లోనే ప్రకటించారు. గుడిలో ఆ మాట ఎప్పుడో పిల్ల చెవిన పడి ఉండవచ్చు కదా!

ఈ సందేహమంటే నాకు గౌరవం. అమ్మ పేరు చెప్పి జనాన్ని ఎవరూ మోసగించకూడదన్న బాధ్యతలోంచి పుట్టింది అది. దాని వయసూ తక్కువేం కాదు. పునీత బ్రిజిత దర్శనాల మీద వాదం నడుస్తున్నప్పుడు, 1415లో, పారిస్ పండితుడు జెర్సన్ కొన్ని ప్రశ్నలు రాసిపెట్టాడు. చూసింది ఎవరు, చెప్పింది ఏమిటి, ఎందుకు, ఎవరితో చెప్పారు, ఎలా బతుకుతున్నారు, ఇదంతా ఎక్కడి నుంచి వచ్చింది? తర్వాత 1730లలో లంబెర్తిని అనే మేత్రాణులు పునీత పట్టం ఇచ్చే పద్ధతి మీద పెద్ద గ్రంథం రాశారు. తర్వాత పోపు 14వ బెనెడిక్ట్ అయింది ఆయనే. జబ్బు నయమైందని ఎవరైనా చెబితే, ఆ జబ్బు తీవ్రమైనదై ఉండాలి, మందుల వల్ల తగ్గింది కాకూడదు, ఒక్కసారిగా, పూర్తిగా తగ్గాలి, మళ్లీ తిరగబెట్టకూడదు. అప్పుడే దాన్ని అద్భుతమనాలన్నారు. శ్రీసభ సమ్మతించిన దర్శనమైనా సరే, సువార్తను నమ్మినట్టు నమ్మి తీరాలన్న నిర్బంధం లేదని కూడా ఆయన స్పష్టం చేశారు. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు.

లూర్దుకే వద్దాం. బెర్నదెత్‌ను ముందుగా నిలదీసింది పోలీసు అధికారి జాకొమే. ఫిబ్రవరి 21 సాయంత్రం ఆ పిల్ల చెప్పిందంతా రాసుకుని, కావాలనే కొన్ని మాటలు మార్చి తిరిగి చదివాడు. కన్య మరియ నన్ను చూసి నవ్వింది అన్నావు కదా అని ఒక వాక్యం. ‘లేదయ్యా, కన్య మరియ అని నేను అనలేదు, మీరు మార్చేశారు’ అంది. ఎన్నిసార్లు మార్చినా అన్నిసార్లూ సరిదిద్దింది. తను చూసినదాన్ని ఆమె తన ఊరి యాసలో ‘అది’ అనే చెప్పేది. పేరు వినేదాకా పేరు పెట్టలేదు. నా దృష్టిలో గుహలో పుట్టిన నీటి ఊట కన్నా పెద్ద గుర్తు ఇదే. బెర్నదెత్ కుటుంబం ఉండేది పాత చెరసాల గదిలో, తిండికే కటకట. అయినా చేతిలో పెట్టిన నాణేలను తిరిగి ఇచ్చేసేది.

ఆ ఏడాదే ఊళ్లో మరికొందరు మాకూ దర్శనాలయ్యాయంటూ బయల్దేరారు. ఒకటీ నిలవలేదు. తార్బ్ మేత్రాణులు లొరాన్స్ జులై 28న దర్యాప్తు సంఘం వేశారు. జబ్బులు తగ్గిస్తోందని జనం చెప్పుకుంటున్న ఊట నీటిని తులూజ్‌లో ప్రొఫెసర్ ఫియోల్ పరీక్షించి, మందు గుణాలేవీ లేని మామూలు తాగునీరని తేల్చాడు. తీసిపారేయడానికి అది చాలని కొందరనుకున్నారు. నిజానికి ఆ ఫలితమే ప్రశ్నను పదునుపెట్టింది: నీటిలో ఏమీ లేనప్పుడు జబ్బులు తగ్గిందెలా? వైద్యులు ఒక్కొక్క కేసూ చూశారు. బాగైన వాటిలో ఏడింటినే లెక్కలోకి తీసుకున్నారు. 1862 జనవరి 18న మేత్రాణులు తమ తీర్పు రాశారు: విశ్వాసులు దీన్ని నమ్మవచ్చు.

1883లో అక్కడ వైద్య కార్యాలయం వెలిసింది. బాగయ్యామని వచ్చినవారు వేలల్లో ఉంటే అద్భుతాలుగా ప్రకటించినవి 70కి కాస్త పైన మాత్రమే.

జల్లెడ ఒక్కోసారి మంచి గింజనూ ఆపేస్తుంది. మన ఇళ్లలో దివ్య కరుణ పటం పెట్టి మధ్యాహ్నం మూడింటికి జపమాల చెబుతామే, ఆ పునీత ఫౌస్తినా రాతల ఆధారంగా సాగే భక్తిని 1959లో రోము ఆపించింది. అనువాద లోపాలు అందుకు ఒక కారణం. 1978లో ఆంక్ష ఎత్తేశారు, 2000లో ఆమెకు పునీత పట్టం ఇచ్చారు. దర్శనాల మీద 2024 మే నెలలో రోము తెచ్చిన కొత్త నియమాల ప్రకారం ఇప్పుడు ఆరు రకాల తీర్పులున్నాయి. అన్నిటికన్నా అనుకూలమైనది కూడా ‘అభ్యంతరం లేదు’ అనడమే. ఇది దైవికమని ప్రకటించడం మామూలుగా ఇక ఉండదు.

ఫిబ్రవరి 11న, లూర్దు మాత పండుగకు, విజయవాడలోని గుణదల కొండ ఎక్కేవాళ్లకు అక్కడ కనబడేది ఆ లూర్దు మాత రూపమే. 1924లో ఫాదర్ అర్లాటి ప్రతిష్ఠించారు. ఫలానా చోట విగ్రహం కన్నీరు కారుస్తోంది, పదిమందికి పంపండి అని ఫోనుకు వచ్చే సందేశాలు ఆ దారిలోనూ ఆగవు. పంపేముందు జెర్సన్ ప్రశ్నలు ఒక్కసారి అడగండని మా వాళ్లను బతిమాలుతుంటాను.

బెర్నదెత్ 1866లో నెవేర్ మఠంలో చేరింది. అక్కడ రోగులకు సేవ చేసింది, తనూ రోగిష్టిగానే 35 ఏళ్లకు కన్నుమూసింది. 1933 డిసెంబరు 8న, అమలోద్భవి పండుగ నాడు, శ్రీసభ ఆమెకు పునీత పట్టం ఇచ్చింది. అందుకు ఆధారంగా చూసింది ఆమెకు కలిగిన 18 దర్శనాలను కాదు, ఆమె బతికిన తీరును.